నాలుగు కోళ్లు

మా మామ నా ముందు పెట్టిన షరతు చాలా చిన్నది. మంచం ఉంటే బిడ్డను పంపుతాడు, లేకపోతే పంపడు. ఆయన తాండూరులో బండల మేస్త్రీ. గనిలో బండలను చీల్పించి, అంచులు కొట్టించి, చదరంగా చేయించే మనిషి కాబట్టి మాటను కూడా చదరంగా కోసి ఎదుట పెట్టేవాడు. దాన్ని అటు జరపలేం, ఇటు జరపలేం.

నా భార్య తొలి కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. చూడడానికి పోయిన నేను, అయిదో నెలలో తల్లీపిల్లలను వికారాబాదు తీసుకుపోతానని మామతో చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "ఏడ పండబెడ్తవు అల్లుడా?" అని అడిగాడు. మా ఇంట్లో అందరం ఎక్కడ పడుకుంటామో అక్కడే అన్నాను. అన్నాక తెలిసింది, ఆయన వినదలచుకున్న జవాబు అది కాదని.

"మీది మట్టి నేల. వానకాలం చెమరుస్తది. నేను జూసిన. పసిగుడ్డును గా నేల మీద పండబెడ్తనంటె నేను పంప. మా నాయ్న మంచం అటుక మీద ఉన్నది. పట్టెలు ఉక్కు లెక్కున్నయి, పాయలే చెదలు తిన్నయి. పట్టెలిస్త, నవారిస్త. పాయలు నాలుగు నువ్వు చేపిచ్చుకరా. మంచం నా కండ్ల ముంగట కదలకుంట నిలబడాలె. అటెన్క తీస్కపో."

తెలివిగల అల్లుడైతే సరే మామా అని, వికారాబాదు వచ్చి, కొయ్యను ఖరాదు మీద తిప్పి చెక్కేవాడి దగ్గర నాలుగు మంచం కాళ్లు చేయించుకుని పోయేవాడు. నేను బడిపంతులును. ఆ రోజుల్లో బళ్లలో చేతిపని మీద ఉపన్యాసాలు జోరుగా సాగుతుండేవి. చదువుకున్నవాడు చేతులతో పని చేయాలని ఇన్‌స్పెక్టరు మాకు చెప్పిపోయాడు, మేము పిల్లలకు చెప్పాం, పిల్లలు ఇంటికి పోయి ఎప్పటిలాగే పశువులకు గడ్డి వేశారు. ఆ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. "చేపిచ్చుడెందుకు మామా, నేనే చేస్త" అన్నాను.

లోపలి గదిలోంచి నా భార్య దగ్గు వినిపించింది. పెళ్లయిన కొత్తల్లోనే ఆ దగ్గుకు అర్థం నేర్చుకున్నాను. నేను నోరు జారినప్పుడల్లా వస్తుంది. కాకపోతే ఎప్పుడూ జారిన తర్వాతే వస్తుంది.

"నువ్వా?" అన్నాడు మామ. చెదలు తిన్న పాత పాయ ఒకటి నమూనాకని నా చేతిలో పెట్టాడు. రైలులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దిగేసరికి ధోవతి నిండా చెదల మట్టి.

ఇక్కడ నా తెలుగు సంగతి కొంచెం చెప్పాలి. నేను చదివింది ఉర్దూలో. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు మా బడికి తెలుగు వచ్చింది. నిన్నటిదాకా ఉర్దూలో లెక్కలు చెప్పిన నన్ను తెలుగు పంతులును చేశారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా అని నేనూ ధైర్యంగా ఒప్పుకున్నాను. పుస్తకం తెరిచాక తెలిసింది, అది వేరే ఇంటివాళ్లు మాట్లాడే తెలుగని. పిల్లలకన్నా ఒక పాఠం ముందు నేర్చుకుంటూ నెట్టుకొచ్చాను. కొత్త మాట ఒకటి దొరికితే సాయంత్రానికల్లా దాన్ని ఇంట్లో వాడకపోతే నాకు అన్నం సహించేది కాదు. మంచం కాలును మేమంతా పాయ అనేవాళ్లం. దాన్ని కోడు అనాలని ఒక పుస్తకంలో చదివాను. ఒకటైతే కోడు, నాలుగైతే కోళ్లు. "పాయా అంటే హోటల్ల గిన్నెల పోసిచ్చేది, మంచానికుండేది కోడు, రెండిట్ని కలపొద్దు" అని మా అమ్మకు పాఠం చెప్పాను.

"నాకు పండెటందుకు మంచమే ఉంటె, దాని కాలును నువ్వేమన్న నేను ఊకుందు" అంది మా అమ్మ.

మా బజారు మలుపులో ఒక ముసలి ఖరాదీ సాహెబు ఉండేవాడు. మంచం పాయలు, చపాతీ కర్రలు, బొంగరాలు, పిల్లలు పట్టుకుని నడిచే మూడు చక్రాల బండ్లు ఆయన పని. పనికన్నా మాట ఎక్కువ. చిన్నతనంలో ఒక జాగీర్దారు దేవిడీ బంగళాకు మంచాలు చేశానని చెప్పేవాడు. విన్న ప్రతిసారీ ఆ దేవిడీలో మంచాలు పెరిగేవి. అంతమంది ఏ పనీ లేకుండా ఎట్లా పడుకునేవాళ్లో నాకు అంతుపట్టేది కాదు. ఆయన ఆ మధ్యనే చక్రమున్న కొత్త ఖరాదు తెచ్చుకున్నాడు. పాతది పెరట్లో పడి ఉంది. దాని మీద ఆయన కోళ్లు ఎక్కి కూర్చునేవి. "తీస్కపోండి మాస్టర్ సాబ్. కోళ్లకు ఇంకో జాగ చూస్త" అని ఉదారంగా ఇచ్చేశాడు. రెట్టలు కడగడానికే ఒక పూట పట్టింది.

అదేమంత యంత్రం కాదు. రెండు మొద్దులు, వాటికి ఎదురెదురుగా రెండు ఇనుప మొనలు. కొయ్యను ఆ మొనల మధ్య బిగించాలి. కొయ్యకు తాడు చుట్టి ఒకరు ఇటూ అటూ లాగుతుంటే అది గిరగిరా తిరుగుతుంది. ఇంకొకరు నేల మీద కూర్చుని దానికి ఉలి ఆనించాలి. అంటే ఇద్దరు మనుషులు కావాలి. మా ఇంట్లో ఉన్నదే ఇద్దరం.

"కోడలు రావాలంటె అత్త తాడు గుంజాల్నా?" అని అడిగింది మా అమ్మ. అడిగినదే గాని కొంగు నడుముకు చుట్టి అప్పటికే కూర్చుంది. ఏళ్ల తరబడి కవ్వం తాడు లాగి చల్ల చేసిన మనిషి. ఖరాదు తాడు ఆమె చేతిలో మొదటి రోజే కుదిరింది. కుదరాల్సింది నా ఉలి.

సాహెబు ఒక సాయంత్రం వచ్చి నాకు విద్య నేర్పాడు. "లక్డీ మీ దిక్కు తిరుగుతున్నప్పుడే ఉలి ముట్టాలె. వాపస్ పోతున్నప్పుడు జర తీసెయ్యాలె. గంతే" అన్నాడు. విద్య అక్కడితో అయిపోయింది. మిగిలిన సాయంత్రమంతా జాగీర్దారు బీబీల మంచాలకు ఏ రంగు వేశాడో చెప్పాడు. మా అమ్మ రెండుసార్లు చాయ్ పెట్టి ఇచ్చింది, రెండుసార్లూ ఆయన మంచాల సంఖ్య పెంచాడు.

ముట్టడం నాకు వచ్చింది. తీసెయ్యడమే రాలేదు. కొయ్య వెనక్కు తిరిగే వేళకు కూడా నేను పట్టుదలగా ఉలిని ఆనించే ఉంచేవాడిని, పట్టిన పని వదలకూడదని కదా పిల్లలకు చెబుతుంటాను. మొదటి కొయ్య మొనల మధ్యలోంచి ఎగిరి నీళ్ల కుండకు తగిలింది. మా అమ్మ తాడు పట్టుకునే ఉండి, నేల మీద పారుతున్న నీళ్లను చూసి, "పాయలు చేస్తవనుకున్న. కుండలు పలగ్గొడ్తవనుకోలె" అంది.

"పాయలు కాదమ్మా, కోళ్లు" అన్నాను.

కొయ్య దొరకడం కూడా సులువు కాలేదు. మర్పల్లి దగ్గర పొలమున్న ఒక స్నేహితుడు నల్లతుమ్మ మొద్దులు బండి మీద పంపాడు. అప్పుడే కొట్టినవి, పచ్చివి. ఏడాది నీడన ఎండబెట్టి అప్పుడు ఖరాదు పట్టాలన్నాడు సాహెబు. ఏడాది అంటే అప్పటికి పిల్ల నడుస్తుంది. మంచం ఎందుకని దిగి పారిపోతుంది. నేను ఆ మాట విననట్టే ఊరుకున్నాను.

బడి నుంచి వచ్చాక సాయంత్రం పొద్దు గూకేదాకా మా పని. మా అమ్మ తాడు లాగుతూ మాట్లాడేది, మాట్లాడేదాన్ని బట్టి తాడు లాగేది. మా మామ ప్రసక్తి వస్తే ఇక ఆగేది కాదు. "మంచం లేదని పిల్లనే పంపడా? మేమంత నేల మీద పెరగలేదా? బండలు అమ్ముకునేటోనికి మన్నంటె అంత చిన్నతనమా?" అంటూ గుంజితే కొయ్య బుసలు కొడుతూ తిరిగేది, నా ఉలి దానంతట అదే లోపలికి దిగేది. ఆ కోపం అంతా ఒక కోడు నడుము దగ్గర సన్నగా కనిపిస్తుంది, ఇప్పుడు చూసినా సరే. ఇంకొక వేళ తాడు మెల్లగా నడిచి నడిచి ఆగిపోయేది. తల ఎత్తి చూస్తే మా అమ్మ ఎటో చూస్తుండేది. మనుమరాలిని ఆమె ఇంకా చూడలేదు. అంత దూరం రైలులో పోవడం ఆమెకు అలవాటు లేదు, పిలవని ఇంటికి పోవడం అసలే లేదు.

"ఎవరి పోలికన్నవు?" అని అడిగేది.

"ముక్కు నీదే" అనేవాడిని. నిజం చెప్పాలంటే ఆ వయసు పిల్లకు ముక్కు ఇంకా ఎవరిదీ కాదు. కాని ఆ మాట అంటే తాడు మళ్లీ కదిలేది.

మొద్దులు చాలా పోయాయి. పొయ్యిలోకి పోయినవి పోగా ఒకటొకటిగా మూడు కోళ్లు తయారయ్యాయి. అవి మూడూ ఒకే తల్లి పిల్లల్లాగా ఉన్నాయి, అంటే పోలిక ఉంది గాని ఒకటి కాదు. నాలుగోది అన్నిటికన్నా బాగా వచ్చింది. వచ్చిన మర్నాడే అడుగున పగిలింది. పచ్చి కొయ్య పచ్చి కొయ్యే. పగులు పోయేదాకా అని అడుగున కొంచెం రంపంతో కోశాను. పగులు పోలేదు. ఇంకొంచెం కోశాను. అది పైకి పాకుతూనే ఉంది. ఇక కోయడం మాని, లక్క గాజులు చేసే వాళ్ల దగ్గర ఎర్ర లక్క ముక్క ఒకటి అడిగి తెచ్చాను. కోడును మళ్లీ మొనల మధ్య బిగించి, మా అమ్మ గట్టిగా తిప్పుతుంటే లక్క ఆనించాను. ఆ రాపిడి వేడికి లక్క కరిగి పగులులోకి దిగింది. తాటాకు ముక్కతో రుద్దితే నిగనిగలాడింది. నల్లని కొయ్య మీద పైనుంచి కిందకు ఎర్రటి గీత. చెడిపోయిన ఆ కోడే నాలుగింటిలోనూ అందంగా తయారైంది.

"గిదొక్కటే మంచిగున్నది" అంది మా అమ్మ. నాలుగిటికీ పట్టెలు దిగే బెజ్జాలు మాత్రం వడ్రంగితో కొట్టించాను. చేతిపని మీద నా ఉపన్యాసం అంత దూరం పోలేదు.

కోడు కొంచెం పొట్టిదైందేమోనని నాకు లోపల భయం. ఒక ఆదివారం పొద్దున పరీక్ష చేద్దామనుకున్నాను. మా అమ్మ అప్పటికే ఇల్లంతా అలికి పెట్టింది. "గా మూలకు పెట్టి చూడు. పిల్లొచ్చినా మంచం ఆడనే కద వేసేది. ఎర్రది గోడ దిక్కుకు రావాలె, లక్కకు చెయ్యి తాకొద్దు" అంది. చెప్పినట్టే మంచమంత ఎడంగా నాలుగు కోళ్లూ నిలబెట్టి మీద తలుపంత చెక్క పలక వేశాను. పలక కదల్లేదు. నొక్కాను. కదల్లేదు. నాకు గర్వం ఎంత ముంచుకొచ్చిందంటే, తాండూరు గంజ్ బజారుకు కందులు అమ్మడానికి తీసుకుపోతున్న మర్పల్లి స్నేహితుడిని పిలిచి అక్కడికక్కడే కబురు పంపాను.

"మా అత్తగారింట్ల చెప్పు. నాలుగు కోళ్లు తయారున్నయి, వచ్చే ఆదివారం తీస్కస్తున్న అని."

మంచం అన్న మాట ఒకటి ముందు చేర్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని చేర్చడం ఎందుకు? కోళ్లు అంటే మంచానివే కదా.

ఆ ఆదివారం గోనె సంచి భుజాన వేసుకుని తాండూరు చేరేసరికి అత్తగారింట్లో సందడిగా ఉంది. ఒడిబియ్యం పోసి బిడ్డను పంపుదామని మా అత్త చుట్టాలను పిలిచింది. అరుగు మీద నలుగురైదుగురు మగవాళ్లు ఆకలితో కూర్చుని ఉన్నారు. మామ మాత్రం నన్ను చూసి ముఖం అటు తిప్పుకున్నాడు. సంచి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి అరుగు చివరకు పోయి కూర్చున్నాడు. కబురు విన్న రోజు నుంచి ఆయన ఏమనుకుంటున్నాడో నాకు తర్వాత తెలిసింది. పాయలు చేయడం చేతకాక, నాలుగు కోళ్లు తెచ్చి మామ నోరు మూయించాలని చూస్తున్నాడు అల్లుడు.

మా అత్త నా ఎదుటపడి మాట్లాడదు. ఆ కాలం అత్తలందరిలాగే తలుపు చాటున నిలబడి, గోడతో మాట్లాడినట్టు మాట్లాడేది. గోడ బదులు నేను జవాబు చెప్పాలి.

"సంచి మూతి గట్టిగ కట్టిండు. గాలి ఆడుతదా వాటికి?"

కొయ్యకు గాలి ఆడాలని సాహెబు కూడా చెప్పాడు. ఇంత తెలిసిన మనిషి అని మనసులో మెచ్చుకున్నాను. "ఆడుతది అత్తమ్మా. మూడు నెలల సంది గాలికే ఉన్నయి" అన్నాను.

"మంచిగ బలిసినయా?"

"ఒకటి జర సన్నగున్నది. మిగిలినయి మంచిగున్నయి."

"కోసెటాయినను పిలిపియ్యాల్నా?"

"కోసుడంత అయిపోయింది. ఇంటికాడనే కోసి తెచ్చిన."

"గింత ఎండల, కోసినయి సంచిల ఏసుకొని రైలుల వచ్చిండా" అని గోడతో అంది. "వాసన పట్టినయేమో చూడుండ్రి జర."

"ఇంకా పచ్చి వాసన ఉన్నది, వారం పది రోజుల్ల పోతది" అన్నాను.

అరుగు మీద చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక లాభం లేదని మామ లేచి వచ్చి సంచి విప్పాడు. ముక్కు గట్టిగా మూసుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. చెయ్యి లోపలే కాసేపు ఆగిపోయింది. తర్వాత ఎర్ర గీత ఉన్న కోడు బయటికి వచ్చింది.

"గిదేంది?"

"కోడు మామా. మంచం కోడు. నాలుగున్నయి అండ్ల. కోళ్లు."

లోపలి గదిలోంచి నా భార్య నవ్వు వినిపించింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, ఊపిరి ఆడక నవ్వే నవ్వు. నేను ఆ నవ్వు విని చాలా నెలలైంది. దానితో పాటు పిల్ల కూడా కిలకిలమంది.

"పాయలు అనరాదు?" అన్నాడు మామ.

"పుస్తకంల కోళ్లు అని ఉన్నది."

"పుస్తకాన్ని వండుకొని తింటమా?"

ఆ రోజు చుట్టాలు పప్పు, పచ్చిపులుసు తిన్నారు. మసాలా నూరి పెట్టుకున్న మా అత్త దాన్ని ఏం చేయాలో తెలియక వంకాయల్లో వేసింది. తాండూరులో ఆ పూట నుంచి నా పేరు కోళ్ల అల్లుడు. నన్ను చూడని వాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు.

భోజనాల తర్వాత మామ అటుక మీద నుంచి పట్టెలు దించాడు. బెజ్జాల్లోకి దిగ్గొట్టాం, నవారు అల్లాం. ఆయనకు కోపం కొంచెం తగ్గినట్టే ఉంది. కోళ్లను వేళ్లతో తడిమి చూశాడు. సన్నగా ఉన్నదాన్ని చూసి ఊరుకున్నాడు. ఎర్ర గీత మీద బొటనవేలు రాసి, "లక్క ఎవరేసిండ్రు?" అని అడిగాడు. నేనే అన్నాను. "అమ్మ తిప్పింది" అని కూడా అన్నాను. ఆయన తల ఊపాడు.

తర్వాత మంచాన్ని నడింట్లో నిలబెట్టాం. ఆ ఇంటి బండలు ఆయన తన చేత్తో పరిచినవి. నీళ్లు పోస్తే ఎటు పోవాలో తెలియక పోసిన చోటే నిలబడే నేల అది. మామ మంచం ఒక మూల మీద అరచెయ్యి ఆనించాడు. టక్ మంది. ఎదురు మూల మీద ఆనించాడు. మళ్లీ టక్ మంది. మా ఇంట్లో రాయిలాగా నిలబడిన నా నాలుగు కోళ్లలో ఎర్రది ఇక్కడ గాలిలో ఉంది.

"కదలకుంట నిలబడాలె అన్న" అన్నాడు. "కదులుతున్నది. సరి చేసుకోని రా అల్లుడా. అప్పుడు చూద్దాం."

కొత్త కోడు చేయాలంటే మళ్లీ కొయ్య, మళ్లీ ఎండడం. పిల్ల అప్పటికే బోర్ల పడడం నేర్చింది. నేను లేనప్పుడు నేర్చింది. పొద్దున ఎత్తుకుంటే కొత్త మనిషినని చూసి ఏడ్చింది. ఇంకో మూడు నెలలకు వస్తే ఇంకా గట్టిగా ఏడుస్తుంది. నాకు కళ్లు మండుతున్నాయి. ఇంతమంది చుట్టాల ముందు బడిపంతులు ఏడవకూడదు కాబట్టి పట్టెల వైపు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు నా భార్య పిల్లను చంకన వేసుకుని వచ్చింది. ఒడిబియ్యం చీర కట్టుకుని ఉంది. ఎవరినీ అడగకుండా వచ్చి మంచం మీద కూర్చుంది. టక్ మంది. పిల్లను పక్కన పడుకోబెట్టింది. మళ్లీ టక్ మంది.

"గిది ఈడ కదులుతది నాయ్నా" అంది. "ఈడ బండలు. మాది మట్టి నేల, అండ్ల కుదురుకుంటది. మా ఇంటికి చేసిన మంచం మా ఇంట్ల నిలబడ్తె సాలు."

మా ఇల్లు అంది. పుట్టి పెరిగిన ఇంట్లో, తండ్రి పరిచిన బండల మీద కాళ్లు పెట్టి కూర్చుని, చెమరించే ఆ మట్టి ఇంటిని మా ఇల్లు అంది. అదీ ఒకే మాటలో రెండుసార్లు. నేను విన్నాను, మామ కూడా విన్నాడు. ఆయన బీడీ ముట్టించుకుని, అది కాలిపోయేదాకా బిడ్డ వైపు చూడకుండా కూర్చున్నాడు.

"బండి ఎన్నింటికి?" అని అడిగాడు తర్వాత.

ఆడవాళ్లు ఒడిబియ్యం పోస్తుంటే ఆయన వాకిట్లోకి పోయాడు. ఆ వాకిట్లో రాతి పెంకులకు కొదవ లేదు. ఒకటి ఏరి, సుత్తి ఉలి పట్టుకుని అంచులు చెక్కుతూ కూర్చున్నాడు. లోపలికి వచ్చి ఎర్ర కోడు కింద పెట్టి చూశాడు. తీసి మళ్లీ చెక్కాడు, బండ మీద రుద్దాడు. మళ్లీ పెట్టి చూశాడు. మంచం మూల మీద చెయ్యి ఆనించాడు. టక్ మనలేదు. అప్పుడు మంచాన్ని విప్పి, పట్టెలు ఒక కట్ట, నవారు ఒక చుట్ట చేసి, కోళ్ల సంచిలో ఆ రాతి పెంకును కూడా వేశాడు.

"మట్టి నేలకు గిదెందుకు మామా?" అన్నాను.

"ఎప్పటికి మట్టి నేలనే ఉంటదా అల్లుడా?" అన్నాడు. తిట్టాడో దీవించాడో రైలెక్కాక కూడా నాకు తేలలేదు.

ఇంటికి వచ్చిన వెంటనే మా అమ్మ చెప్పిన మూలలోనే మంచం వేశాం. ఎర్రది గోడ దిక్కుకు. ఎక్కి కూర్చున్నాను, కదల్లేదు. నా భార్య చెప్పింది నిజమేనని, మట్టి నేల ఎంత మంచిదని ఒక ఉపన్యాసం మొదలుపెట్టబోతూ ఎందుకో వంగి చూశాను. ఎర్ర కోడు కింద నేల చిన్న అరిసె అంత ఉబ్బుగా ఉంది. మీద నున్నగా అలికి ఉంది. పరీక్ష రోజు పొద్దున అలికినదే.

"అమ్మా, గిదేంది?"

"అలికిన్నాడు జర మన్ను ఎక్కువ పడ్డది" అంది మా అమ్మ. ఆమె నా వైపు చూడలేదు. మనుమరాలిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ముఖంలోకి చూస్తోంది. "అవ్, ముక్కు నాదే" అంది.

ఆ ఉబ్బు ఏళ్ల తరబడి అక్కడే ఉంది. అలికినప్పుడల్లా మా అమ్మ దాన్ని మళ్లీ కుదిర్చేది. నేను ఖరాదు సాహెబుకు తిరిగి ఇచ్చేశాను, ఆయన కోళ్లు మళ్లీ దాని మీదకు ఎక్కాయి. తెలుగులో ఇంకా చాలా కొత్త మాటలు నేర్చుకున్నాను గాని కబుర్లలో మాత్రం వాడలేదు.

అరవైల్లో మా ఇంట్లో కూడా బండలు పరిపించాం, తాండూరు నుంచి తెప్పించినవే. అప్పటికి మామ పోయి రెండేళ్లయింది. పని అయిపోయి మంచం మళ్లీ మూలలో వేయగానే టక్ మంది. మా అమ్మ చేయగలిగింది ఇక ఏమీ లేదు, బండను అలకలేం కదా. నా భార్య లోపలికి పోయి, తన పెళ్లి పెట్టె అడుగు నుంచి ఆ రాతి పెంకును తీసుకొచ్చింది. అది అన్నాళ్లు అక్కడ ఉందని నాకు తెలియదు. ఎర్ర కోడు కిందకు తోసింది. చెయ్యి ఆనించి చూశాను. కదల్లేదు.

మా అమ్మ కర్ర ఊతంతో వచ్చి మంచం మీద కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసింది. మామను ఆమె జీవితంలో ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు.

"మీ మామ పనిమంతుడే" అంది.

నా భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ఒక్క మాట వినడానికి ఆయన లేడని నాకూ ఏడుపొచ్చింది. ఈసారి చుట్టాలెవరూ లేరు కాబట్టి ఏడ్చాను.